మంచు కింద పోపుల డబ్బా

సింగపూర్‌లో మంచుచరియల కింద కూరుకుపోయి ప్రాణం పోగొట్టుకున్న మొట్టమొదటి తెలుగువాణ్ణి నేనే. అదీ ఆదివారం పొద్దున, సముద్రపు ఒడ్డున, చెమటలు కారే ఎండలో, కట్టుకున్న భార్య చేతి గడియారం చూసుకుంటూ నిమిషాలు లెక్కపెడుతుండగా పోయాను. నవ్వకండి. పోయినవాడికి తెలుస్తుంది ఆ బాధ. తర్వాత రెండు ప్లేట్లు పులిహోర తిన్నాననుకోండి, అది వేరే సంగతి.

రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని అందరూ హడలిపోతున్న రోజులవి. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడానికి మాలాంటివాళ్ళని విమానాలు ఎక్కించి మరీ రప్పించుకున్నారు. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, ఆంగ్ మో కియోలో అద్దె ఫ్లాటు, ఆ ఫ్లాటులోకి కొత్తగా కాపురానికొచ్చిన మా ఆవిడ పద్మ, ఆవిడతోపాటు వాళ్ళమ్మ ఇచ్చి పంపిన స్టీలు పోపుల డబ్బా. ఈ డబ్బాని కాస్త గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోకపోవడం వల్లే ఇదంతా రాయాల్సి వస్తోంది.

మా టీం లీడరు రూడీ స్విట్జర్లాండ్ మనిషి. ఏటా ఫిబ్రవరిలో జపాన్ వెళ్ళి మంచుకొండల మీద స్కీయింగ్ చేసి వచ్చేవాడు. నా పెళ్ళికి ముందు ఏడాది నన్నూ, మా టీంలోనే ఉన్న హైదరాబాదు ఖలీల్ భాయినీ వెంటేసుకు వెళ్ళాడు. చిన్నపిల్లలు నేర్చుకునే వాలు మీద మేమిద్దరం మూడు రోజులు పడ్డాం. లేవడం కూడా ఉండేదనుకుంటాను, అది అంతగా గుర్తులేదు. మూడో రోజు సాయంత్రం రూడీ దూరంగా ఉన్న ఒక కొండ చూపించాడు. లిఫ్టు లేదు, కాపలా లేదు, కట్టిన తాడు లేదు. ఎవరూ తొక్కని తెల్లటి మంచు మీద మూడంటే మూడు గీతలు, పైనుంచి కిందికి. ముగ్గురు మనుషులు పొద్దుటి నుంచీ నడిచి ఎక్కి, పది నిమిషాల్లో జారి వచ్చిన దారి అది. వేసవిలో గోడ ముట్టుకుంటే చెయ్యి కాలే కావలిలో పెరిగినవాణ్ణి. ఆ తెల్లదనం చూసి నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఆ మంచు ఒక్కోసారి పెళ్ళలుగా విరిగి మీద పడుతుంది" అన్నాడు రూడీ.

"ఈసారి నేనూ వస్తాను" అన్నాను.

ఆ మాట మీద నిలబడాల్సిన ఏడాది వచ్చేసరికి నాకు పెళ్ళయింది.

"మీద పడుతుందని తెలిసీ ఎందుకు వెళ్తారండీ?" అంది పద్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

"అందుకే బీకన్ అని ఒక యంత్రం ఉంటుంది పద్మా. ఛాతీకి కట్టుకుంటే సంకేతం పంపిస్తూ ఉంటుంది. పైనున్నవాళ్ళ దగ్గరా ఒకటి ఉంటుంది. దాన్ని చెవికి పెట్టుకుని వెతుక్కుంటూ వస్తే, మనిషి ఉన్నచోటికి చేరేకొద్దీ కూత పెద్దదవుతుంది. తవ్వి తీసేస్తారు."

"ఎలా తీస్తారని కాదు నేనడిగింది. ఎందుకు వెళ్తారని."

"ఊఁ" అన్నాను.

ఈ 'ఊఁ' గురించి మీకు చెప్పాలి. పెళ్ళయిన నెలకే నాకు పట్టుబడిన విద్య ఇది. శబ్దం చెవిదాకా వచ్చింది గాని మాట లోపలికి రాలేదని దాని అర్థం. నాకు ఆ అర్థం తెలుసు. పద్మకి ఇంకా బాగా తెలుసు.

చివరికి ఆవిడ ఒక షరతు పెట్టింది. "మిమ్మల్ని మంచులో పాతిపెడితే ఎంతసేపట్లో తీస్తారో నా కళ్ళముందు చూపించండి. తీస్తే వెళ్ళండి. లేకపోతే టిక్కెట్టు ఊసెత్తకండి."

ఈ మాట చెప్తే రూడీ ఎగిరి గంతేశాడు. "మంచిది! ఇసుకలో చేద్దాం, నీ బదులు బీకన్‌ని పాతుదాం. పావుగంట దాటకూడదు, దాటితే బతకడం కష్టం. నువ్వే దాచు, నేనూ ఖలీలూ వెతుకుతాం." శనివారం తన బీకన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "జాగ్రత్త, ఇసుక పోతే పాడవుతుంది. పన్నెండేళ్ళ నుంచి నా ఛాతీ మీద ఉంది ఇది."

జాగ్రత్తా? జాగ్రత్తంటే ఏమిటో చూపిద్దామనుకున్నాను. ఆదివారం పొద్దున్నే లేచి, ఇసుక దూరని డబ్బా కోసం వంటిల్లంతా గాలించాను. గట్టి మూత, దానిలోపల మరో పళ్ళెంలాంటి మూత, చుట్టూ తళతళలాడే స్టీలు. ఆవాలూ, జీలకర్రా, మెంతులూ, మిగతా బలగమంతా పేపరు మీద కుప్పలు పోశాను. గిన్నెలు తీసేస్తే బీకన్ అందులో కొలిచి చేయించినట్టు కూర్చుంది. స్నానాల గదిలోంచి పద్మ ఏదో అరిచింది. "ఊఁ" అన్నాను. స్టీలు చప్పుడు విని, "ప్లాస్టిక్ డబ్బాలు కింది అరలో ఉన్నాయి" అని చెప్పిందట. తర్వాత తెలిసింది.

టాక్సీ సముద్రపు ఒడ్డు వెంట వెళ్తుంటే పద్మ కిటికీలోంచి చూస్తూ, "పోయిన ఆదివారం చూసిన తెల్ల ఓడ ఇవాళ లేదండీ" అంది.

దానికి నేనేమన్నానో మీరే చెప్పగలరు.

ఎనిమిదింటికి మిగతా ముగ్గురూ టిఫిన్లూ కూల్‌డ్రింకులూ అమ్మే కొట్టు దగ్గర అటు తిరిగి కూర్చున్నారు. నేను పార తీసుకుని వెళ్ళి, మోచెయ్యి లోతున తవ్వి, డబ్బా పెట్టి, ఇసుక కప్పి, చదును చేశాను. గుర్తు మర్చిపోయేంత తెలివితక్కువవాణ్ణి కాదు. వెనక కొబ్బరిచెట్టు, ఎదురుగా సముద్రంలో లంగరేసిన ఎర్ర ఓడ. ఒడ్డంతా కొబ్బరిచెట్లే అయినా ఎర్ర ఓడ ఒక్కటే కదా! టేబుల్ మీద టిష్యూ పాకెట్ పెట్టి సీటు 'చోప్' చేసుకునే, అంటే ముందే ఆపి పెట్టుకునే ఊళ్ళో ఉంటూ, నేల మీద గుర్తుకి నాకు ఓడ దొరికింది.

"గుర్తు పెట్టుకున్నారా?" అంది పద్మ, నేను తిరిగిరాగానే.

"ఓడంత గుర్తు పెట్టుకున్నాను."

రూడీ అడిగి తెచ్చిన మరో రెండు బీకన్లు తనూ ఖలీలూ చెరొకటి చెవికి పెట్టుకుని బయల్దేరారు. పద్మ పులిహోర గిన్నె పక్కన పెట్టుకుని గడియారం చూడటం మొదలెట్టింది. వాళ్ళిద్దరూ ఒడ్డు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వచ్చారు. మళ్ళీ వెళ్ళారు.

"అయిదు నిమిషాలు" అంది పద్మ.

"ఏమీ వినిపించట్లేదు" అన్నాడు రూడీ.

"బ్యాటరీ వేసినవా లేదా భాయ్?" అన్నాడు ఖలీల్. "ఏం సప్పుడే లేదు. ఖాళీ ఫోన్ లెక్క ఉంది."

"వేశాను, ఆన్ కూడా చేశాను."

"పది. ఏవండీ, ఈపాటికి మీకు ఊపిరాడ్డం లేదు."

రూడీ నడక పరుగైంది. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. నాకూ చెమటలు పట్టాయి, కాని మంచు కింద ఉన్నవాణ్ణి కదా, కదలకూడదు.

"పదిహేను" అని పద్మ గడియారం మీద చెయ్యి పెట్టింది. "పోయారు."

ఖలీల్ టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఇక లాభం లేదు, జపాన్ పోయింది, కనీసం డబ్బా అయినా తీద్దామని లేచి నిలబడ్డాను. "నేను చూపిస్తాను రండి, ఇదిగో వెనక కొబ్బరిచెట్టు, ఎదురుగా ఎర్ర..."

ఎదురుగా ఎర్రది ఏదీ లేదు. నల్లవి రెండు, నీలంది ఒకటి ఉన్నాయి. ఎర్ర ఓడ పొగ వదులుకుంటూ తన దారిన తాను వెళ్ళిపోతోంది.

"ఓడని గుర్తు పెట్టుకున్నావా?" అన్నాడు రూడీ, ఒక్కో మాటా విడిగా.

"వల్లా!" అని ఖలీల్ ఇసుకలో కూలబడి పొట్ట పట్టుకున్నాడు. "అరే భాయ్, ఓడలు పోతయ్ భాయ్! గందుకే కదా అవి ఓడలు!"

"పోనీ, దగ్గరికి వెళ్తే బీకన్ వినిపించాలి కదా" అని రూడీ నావైపు తిరిగాడు. "దాన్ని దేంట్లో పెట్టావు?"

"ఇసుక పోకుండా డబ్బాలో."

"ఏ డబ్బాలో?"

"స్టీలు డబ్బాలో."

రూడీ కళ్ళు మూసుకున్నాడు. స్టీలు చుట్టూ ఉంటే సంకేతం బయటికి రావడం కష్టమనీ, మనిషిని బీరువాలో పెట్టి తాళం వేసి పిలుపు వినపడలేదనుకుంటే ఎలాగనీ ఎంతో నెమ్మదిగా చెప్పాడు. అంతకంటే నెమ్మదిగా పద్మ అడిగింది.

"ఏ స్టీలు డబ్బా?"

నేను సముద్రం వైపు చూశాను.

"ఏవండీ. ఏ స్టీలు డబ్బా?"

"పోపుల..."

అప్పటిదాకా అది పోటీ. ఆ తర్వాత నిజమైన వెతుకులాట మొదలైంది. పద్మ కొంగు దోపుకుని ఇసుకలోకి దిగింది. నలుగురం మోకాళ్ళ మీద పడి తవ్వుతుంటే కొట్టు ఆంటీ గట్టిగా అడిగింది, "అయ్యా, గోల్డ్ పోయిందా లా?"

"గోల్డ్ కంటే ఎక్కువ ఆంటీ!" అంది పద్మ. వాళ్ళమ్మ వంటింట్లో ఇరవై ఏళ్ళు తిరిగిన డబ్బా అది, మూత మీద వాళ్ళమ్మ పేరు చెక్కించి ఉంటుంది. పరాయి దేశంలో ఆవిడకున్న పుట్టిల్లు అంతే. అది గుర్తొచ్చాక నేను నిజంగానే సిగ్గుపడ్డాను.

తవ్వుతూ తవ్వుతూ పద్మ రూడీని అడిగింది. "మీరు చెప్పండి. మీద పడుతుందని తెలిసీ ఎందుకు వెళ్తారు?"

రూడీ పార ఆపాడు. "ఒకసారి నా స్నేహితుణ్ణి ఇలాగే తవ్వి తీశాం. బతికాడు. ఇద్దరం కూర్చుని ఏడ్చాం. మరుసటి ఏడు ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. తెలివైన పని అని చెప్పను." పార ఇసుకలో గుచ్చి నిలబెట్టాడు. "ఆఫీసులో నేను చెప్పేది ఎవరూ వినరు. ఇంట్లోనూ అంతే. ఆ కొండ మీద ఒకరు 'ఆగు' అంటే అందరం ఆగుతాం. ఒకరికి మంచు నచ్చలేదంటే అందరం వెనక్కి తిరుగుతాం. దాని కోసమే వెళ్తానేమో."

'ఇంట్లోనూ అంతే' దగ్గర పద్మ ఒకసారి నావైపు చూసింది. తర్వాత చేతులు దులుపుకుని లేచింది.

"ఆగండి" అంది. అందరం ఆగాం.

"ఈయన చెప్పులు విప్పి ఎండలో నాలుగడుగులు వెయ్యరు. ఎనిమిదింటికి ఈ చెట్ల నీడ అటువైపు పడి ఉంటుంది. నీడ దాటి వెళ్ళి ఉండరు. పైగా ఆకలి మీద ఉన్నారు, టిఫిను కొట్టు వాసన వచ్చేచోటు దాటరు." అంటూ అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఒకచోట కూర్చుని, పులిహోర గరిటెతో తవ్వడం మొదలెట్టింది. మూడో చోట ఠంగుమంది.

నలభై ఏడు నిమిషాలు. బీకన్లు రెండు, పార ఒకటి, మగవాళ్ళు ముగ్గురు ఓడిపోయారు. పద్మ డబ్బాని ఎత్తి గుండెలకి హత్తుకుంది. మంచు కింద పోయిన మొగుడు ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాడు, వాణ్ణి మటుకు హత్తుకోలేదు. అయినా చెప్తున్నాను. ఆ డబ్బా చోట నేనే ఉన్నా ఈవిడ వచ్చి తీస్తుంది కదా అనిపించింది.

రూడీ మూత తీశాడు. బీకన్ పసుపు రంగులో మెరుస్తూ ఇంగువ వాసన వేస్తోంది. ఇప్పటికీ ఆ పసుపు పోలేదు. దాన్ని చేత్తో పట్టుకుని తీర్పు చెప్పాడు. "నిన్ను తీసుకెళ్ళను. ఈవిడ నేర్చుకుంటే ఈవిణ్ణి తీసుకెళ్తాను."

అందరం నవ్వాం. పద్మ నవ్వలేదు. "అది ఒకసారి నా చెవికి పెట్టండి" అంది.

ఆ ఫిబ్రవరిలో జపాన్‌లో పిల్లల వాలు మీద ఇద్దరం మొదలుపెట్టాం. నేను ఎప్పటిలాగే పడ్డాను. ఆవిడ పడలేదు. మూడేళ్ళకి రూడీ బృందంతో ఎవరూ తొక్కని కొండ ఎక్కింది. ఇప్పుడు ఏటా వెళ్తుంది. ఆ నాలుగు రోజులూ నేను ఆంగ్ మో కియో ఫ్లాటులో ఫోను పక్కన కూర్చుని, అన్నం సహించక, గోడ మీద గీత కనబడినా మంచు విరిగిందేమోనని ఉలిక్కిపడుతూ ఉంటాను. ఆవిడ క్షేమంగా తిరిగొచ్చి బూట్లు విప్పుతుంటే ఒకసారి అడిగేశాను.

"మీద పడుతుందని తెలిసీ ఎందుకు వెళ్తావు పద్మా?"

"అక్కడ నేను 'ఆగండి' అంటే ఆగుతారండీ" అంది.

అందుకని, వాళ్ళమ్మ పేరున్న మూత మీద కుడిచెయ్యి వేసి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ యంత్రాన్నీ స్టీలులో పెట్టను, ఏ ఓడనీ నమ్మను, మా ఆవిడ ఏం చెప్పినా మొదటిసారికే చెవొగ్గి వింటాను, ప్రాణం పోయినా 'ఊఁ' అనను.

ఒక్క నిమిషం. వంటింట్లోంచి ఏదో అంటోంది.

"ఊఁ!"