ఆఖరి బంతిలో భోజనం

కాగిన నేతిలో ఇంగువ పడిన వాసన రాగానే చుట్టూ ఉన్నవాళ్ళకు నోరూరుతుంది. నాకు మాత్రం ఆ పూటకి ఆకలి చచ్చిపోతుంది. మొన్న మచిలీపట్నంలో ఒక కల్యాణమండపం వంటశాలలోనూ అదే జరిగింది. పెళ్ళికూతురి తండ్రి వచ్చి, "పద్మగారూ, మీరున్నారుగా, నాకింక దిగుల్లేదండి" అని నవ్వుతూ వెళ్ళిపోయారు. ఆయన దిగులు కూడా నాకే ఇచ్చి వెళ్ళారని ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళుగా క్యాటరింగ్ చేస్తున్నాను. నలుగురిలో గట్టిమనిషినని పేరు. అలాంటప్పుడల్లా నాకు ఈ పని నేర్పిన దానియేలుగారు గుర్తుకొస్తారు.

ఆయనది నాగాయలంక. గుడివాడలో స్థిరపడి వంటల కాంట్రాక్టులు పట్టేవారు. నేను డిగ్రీ అయి ఖాళీగా ఉన్న రోజుల్లో వడ్డనలు చూసే పనికి పెట్టుకున్నారు. బాబాయ్‌గారూ అని పిలిచేదాన్ని. మనిషి పొడుగు, మాట నెమ్మది. బూరెలు తరిగిపోతున్నాయని ఎవరైనా పరుగెత్తుకొస్తే, "కంగారెందుకు, ఉన్నాయిగా" అనేవారు. నిజంగానే ఉండేవి. ఎప్పుడూ ఒక గుండిగ అన్నం అదనంగా వండించేవారు. పొద్దున్నుంచీ ఏమీ ముట్టకుండా, అందరి భోజనాలూ అయ్యాక, ఆఖరి బంతిలో ఒక మూల కూర్చుని నాలుగు ముద్దలు పెరుగన్నం తినేవారు. అతిథులందరూ తిన్నాక గాని ముద్ద ముట్టని మనిషని దివిసీమంతా చెప్పుకునేవారు. పెద్దాయన తినందే మనమెలా తింటామని మా పనివాళ్ళూ ఆగేవారు. రానురాను అది మాకొక నియమమైపోయింది.

నాకా నియమం భలే కలిసొచ్చింది. పెళ్ళి పని ఉన్న రోజున నాకు గొంతులో ఏదీ దిగేది కాదు. అన్నం చాలదేమో, సాంబారు పులిసిపోయిందేమో, మగపెళ్ళివారు ఆకుల ముందునుంచి లేచిపోతారేమో అని పొద్దున్నే మొదలయ్యేది. నేను తినకపోతే అందరూ "గురువుకు తగ్గ శిష్యురాలు" అన్నారు. మెచ్చుకోళ్ళు వింటూ లోపల చచ్చిపోతుండేదాన్ని.

ఒకసారి అవనిగడ్డలో పెళ్ళి. మొదటి బంతికి ఆకులు వేస్తుండగా నా చేతులు వణకడం మొదలైంది. గ్యాసు సిలిండర్ల వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఇక ఈ పని మానేద్దామని నిజంగానే అనుకున్నాను. ఇంట్లో వద్దన్నా చేరి, మనసుపడి నేర్చుకున్న పని అది. ఏడుపొచ్చింది. బాబాయ్‌గారు వెతుక్కుంటూ వచ్చారు.

"ఏంటమ్మాయ్, ఇక్కడ కూర్చున్నావ్?"

"రేపటినుంచి రానండి. మీలా నిబ్బరంగా ఉండటం నావల్ల కాదు."

ఆయన అటూ ఇటూ చూసి, పక్కనే ఉన్న కొబ్బరికాయల బస్తా మీద కూర్చున్నారు. "నిబ్బరమా? నేనెందుకు తిననో తెలుసా? ముద్ద దిగదు. చేతులు వణుకుతాయి. ఎవరన్నా చూస్తారని ఆఖర్న కూర్చుంటా. జనం మర్యాద అనుకున్నారు. నేనూ ఊరుకున్నా."

"ఎప్పటినుంచండీ?"

"నేను వండించిన మొదటి పెళ్ళి నుంచీ. తగ్గుద్దనుకున్నా. తగ్గలా." బస్తా మీంచి లేచారు. "పద, ఇవాళ మనిద్దరం మొదటి బంతిలో తిందాం."

పెళ్ళివారు వింతగా చూశారు. "ఏంటి దానియేలుగారూ, ఇవాళ ముందే కూర్చున్నారు?" అని ఎవరో అడిగితే, "ఆకలేసిందండి" అన్నారు. పచ్చి అబద్ధం. నేను ఒక ముద్ద తిన్నాను. ఆయన ఒక ముద్ద తిన్నారు. ఆయన వేళ్ళు వణకడం అప్పుడే చూశాను. మేం తింటుండగా పులిహోర ఆలస్యమై వెనక వరసలో ఒకాయన కేకలేశాడు. ఎవరో సర్దిచెప్పారు, పులిహోర వచ్చింది, పెళ్ళి జరిగింది. నేను పని మానలేదు.

ఆ తర్వాత ఆయన మళ్ళీ ఎప్పుడూ మొదటి బంతిలో కూర్చోలేదు. ఆ ధైర్యం నాకోసం ఒక్కరోజుకే తెచ్చుకున్నారని నాకు అర్థమైంది. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తుకోలేదు కూడా.

పోయిన ఏడాది ఆయన పోయారు. నాగాయలంక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఒక్కొక్కరే లేచి, అందరికీ పెట్టాకే తిన్న మహానుభావుడని చెప్పారు. నన్నూ మాట్లాడమన్నారు. ఆయన దాచుకున్నది బయటపెట్టే హక్కు నాకు లేదు. అందుకని నా గురించే చెప్పాను. "పెళ్ళి పని ఉన్న రోజున నాకు ముద్ద దిగదండి. చేతులు వణుకుతాయి. ఇప్పటికీ అంతే. అది తెలిసిన మనిషి ఈయనొక్కరే. ఒకరోజు నా పక్కన కూర్చుని తిన్నారు." మా పనివాళ్ళు ముఖాలు చూసుకున్నారు. నాకు సిగ్గేసింది, ఊపిరి కూడా ఆడింది.

కూడిక అయ్యాక ఆయన భార్య మేరమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆయనకీ అంతేనమ్మా. నాకు తెలీదనుకునేవోడు. పెళ్ళి నుంచి ఇంటికొచ్చేసరికి వేడివేడిగా అన్నం వండి ఉంచేదాన్ని. కడుపునిండా తినేవోడు. పెళ్ళి భోజనానికెళ్ళినోడికి ఇంట్లో అన్నమెందుకు వండుతున్నావని ఒక్కనాడూ అడగలా. నేనూ చెప్పలా."

ఆవిడ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకున్నారు.

నాకు భయం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. ఆ కూడిక అయిన మర్నాడే గుడివాడలో ఒక పెళ్ళి పని. బయలుదేరేముందు మా ఆయనతో, "సాయంత్రం నాకు అన్నం వండి ఉంచండి. అక్కడ తినలేను" అన్నాను.

"అంతమందికి వండిస్తావు, తినలేకపోవడమేంటి?" అన్నారాయన.

చేతిసంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని అంతా చెప్పాను.