పసుపు గీత వెనక బెర్నిస్

క్లోవర్ హాలో అనే కొండ ఊళ్ళో పిస్టల్ పట్టినవాళ్ళలో, బెర్నిస్ హ్లావాటీ చేత ఒక్కసారైనా ఇంటికి పొమ్మనిపించుకోనివాళ్ళు అరుదు. చలికాలం మొదలయ్యాక ప్రతి మంగళవారం సాయంత్రం, వేటగాళ్ళ క్లబ్బు కింద నేలమాళిగలో గురి పోటీ జరుగుతుంది. అక్కడ సిమెంటు నేల మీద గోడ నుంచి గోడకి ఒక పసుపు గీత ఉంది. దాని దగ్గర వరసగా నిలబడి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో ఎదురుగోడ దగ్గర వేలాడే కాగితాల మీదికి కాల్చాలి. తూటాలు ఎప్పుడు నింపాలో, ఎప్పుడు కాల్చాలో, ఎప్పుడు ఆపాలో గీత వెనక నిలబడి చెప్పే మనిషి బెర్నిస్.

చేతిలో పిస్టల్‌తో వెనక్కి తిరిగారా, అది ఖాళీదైనా సరే, ఆ పూటకి అంతే సంగతులు. "ఇంటికి పో. మంగళవారం మళ్ళీ రా," అనేది. అరిచేది కాదు, వాదించేది అసలే కాదు. ఆ రెండు ముక్కలూ అనేసి, ఆ మనిషి పెట్టె సర్దుకుని మెట్లెక్కేదాకా చేతులు కట్టుకుని చూసేది. లూథరన్ చర్చి పాస్టర్‌ని అలాగే పంపింది. స్వయానా మరిదిని పంపింది. ఆ మహానుభావుడు అలిగి ఆ ఏడు క్రిస్మస్ భోజనానికి రాకపోతే, మిగిలిన పందిమాంసాన్ని వారమంతా రొట్టెలో పెట్టుకుని హాయిగా తింది.

ఎలక్ట్రీషియన్ డెల్మర్ ఫ్రై కథ అందరికీ తెలిసిందే. గీత మీద నిలబడి ఎలుగుబంటి మీద జోకు చెబుతూ, చివరి మాట అందరికీ వినపడాలని పిస్టల్‌తో సహా వెనక్కి తిరిగాడు. బెర్నిస్ ఆ రెండు ముక్కలూ అంది. డెల్మర్ పోయి తన ట్రక్కులో మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు. తరవాతి మంగళవారం అందరికంటే ముందే దిగాడు. ఆ ఎలుగుబంటి చివరికి ఏం చేసిందో మాత్రం ఈనాటికీ ఎవరికీ తెలియదు.

అంత కచ్చితమైన మనిషి ఎక్కడ తయారైందంటే స్కూలు బస్సులో. పెళ్ళయిన కొత్తల్లో స్టీరింగ్ పట్టుకుని, జుట్టు నెరిసేదాకా ఆ కొండదారుల్లో ఊరి పిల్లలందరినీ మోసింది. నేలమాళిగలో ఉన్న గీతకి వేసిన రంగు కూడా బస్సు షెడ్డులో మిగిలిందే. దాన్ని గీసినవాడు ఆవిడ భర్త మైరన్. అప్పట్లో గీత వెనక నిలబడి పిలుపులు ఇచ్చేది ఆయనే. పెళ్ళానికి పిస్టల్ పట్టడం నేర్పిందీ ఆయనే. చెయ్యి ఊగుతుంది, ఊగనీ, దాంతో పోట్లాడకు, వేలు మెల్లగా నొక్కు అనేవాడు. ఆవిడ తన జీతంతో హార్డ్‌వేర్ కొట్లో సొంత పిస్టల్ కొనుక్కుంది. సన్నపాటి తూటాలు పట్టేది, చెక్క పిడిది. రెండు చలికాలాలు తిరక్కుండానే, పిలుపులకి దిగకముందు ఆయనకున్న గురిని మించిపోయింది. మైరన్ చిన్నబుచ్చుకోలేదు సరికదా, మంగలి షాపులో కూర్చుని భార్య కాల్చిన కాగితాలు జేబులోంచి తీసి వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు.

మైరన్ పోయాక ఆయన నిలబడ్డ చోటు ఖాళీగా చూడలేక బెర్నిస్ వెళ్ళి అక్కడ నిలబడింది. పిలుపులు ఇచ్చే మనిషి కాల్చకూడదు. అందుకని పిస్టల్‌ని నూనె గుడ్డలో చుట్టి చెక్కపెట్టెలో పెట్టేసింది. పిల్లలు లేరు. మంగళవారం కోసం మిగతా వారం గడిపేది. ఆ ఊళ్ళో ఆవిణ్ణి ఇంకా ఏదో ఒక పనికి కావలసిన మనిషిగా నిలిపింది ఆ చోటే. అది పోతే, టీవీ సౌండు పెంచుకుని కిటికీ పక్కన కూర్చునే మరో ముసలమ్మ అవుతుంది. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

టీవీ సౌండు అప్పటికే పెరిగింది. బెర్నిస్‌కి చెవులు వినపడటం మానేస్తున్నాయి.

డాక్టరు ఇచ్చిన చెవి మిషన్లు వంటింటి సొరుగులో ఉన్నాయి. క్లబ్బులో మోతకి అడ్డంగా పెట్టుకునే చెవి కప్పుల కింద అవి ఈల వేస్తాయి. బజార్లో పెదాలు చూసి నెట్టుకొచ్చేది. బ్యాంకులో, చర్చిలో అలాగే జరిగిపోయింది. కానీ గీత మీద నిలబడ్డవాళ్ళు టార్గెట్ల వైపు తిరిగి ఉంటారు. వెనక నిలబడ్డ మనిషికి వీపులు తప్ప పెదాలు కనపడవు.

ఆ పనిలో వినవలసింది ఒక్కటే. తూటాలు నింపాక, "గీత మీద అందరూ సిద్ధమేనా?" అని అడగాలి. పిస్టల్లోకి తోసే తూటాల డబ్బీ ఎవరిదైనా ఇరుక్కుంటే, కళ్ళద్దాలు జారితే, "సిద్ధంగా లేను" అని వాళ్ళు అరవాలి. అప్పుడు "గీత సిద్ధంగా లేదు, ఆగుతున్నాం" అని పైకి చెప్పి ఆగాలి. ఎవరూ నోరు మెదపకపోతే సిద్ధమని లెక్క. మరి చెవులు వినపడని మనిషికి గీత ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది కదా. బెర్నిస్ ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఒక చెవి కప్పు కొంచెం ఎత్తి పట్టుకోవడం మొదలుపెట్టింది. ఎన్నో వారాలుగా ఎవరూ సిద్ధంగా లేనని అనడం లేదు. అంతా బుద్ధిగా తయారయ్యారని సంబరపడింది. లోపల మాత్రం ఆ సంబరాన్ని తనే నమ్మలేదు.

ఫిబ్రవరిలో ఆ మంగళవారం ఎడమ చివర కాలీన్ నిలబడింది. కాలీన్ పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది, పిస్టల్ కొత్తగా పట్టింది. తూటాలు నింపడం అయింది, బెర్నిస్ అడగవలసింది అడిగింది. సరిగ్గా అప్పుడే కాలీన్ చెవి కప్పుల పట్టీ ఫట్టున విరిగి అవి నేలమీద పడ్డాయి. ఆ అమ్మాయి నేర్పినట్టే చేసింది. పిస్టల్ బల్ల మీద పెట్టి, చేతులతో చెవులు మూసుకుని, సిద్ధంగా లేనని అరిచింది.

బెర్నిస్ ఒక క్షణం ఆగి, "కుడివైపు సిద్ధం, ఎడమవైపు సిద్ధం," అని కాల్చమంది.

నేలమాళిగ దద్దరిల్లింది. పక్కనే ఉన్న డెల్మర్, కాలీన్ వంగిపోవడం ఓరకంట చూసి, పిస్టల్ దించి, ఆపండని గొంతు చించుకున్నాడు. ఆపమనడానికి అక్కడ అందరికీ హక్కు ఉంది. అందరూ విన్నారు, అందరూ ఆపారు. బెర్నిస్ ఒక్కతే వినలేదు. చేతిలో, కాల్చే సమయం కొలిచే గడియారం చూసుకుంటూ నిలబడింది. మోత ఎందుకు ఆగిందో అర్థం కాక తలెత్తేసరికి పిస్టళ్ళన్నీ బల్లల మీద ఉన్నాయి. అప్పుడు తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

పిస్టళ్ళు ఖాళీ చేయించింది డెల్మర్. కాలీన్ చెవి రుద్దుకుంటూ దగ్గరికొచ్చి, ఏం ఫరవాలేదని, తన గొంతే చిన్నదని అంది. కాలీన్‌ది చిన్న గొంతేం కాదు. ఫుట్‌బాల్ మ్యాచిలో ఆమె అరిస్తే నది అవతల కుక్కలు లేస్తాయి.

బెర్నిస్ గడియారాన్ని గోడమేకుకి తగిలించింది. "నేను ఇంటికి పోతున్నా," అంది.

ఆవిడ మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి డెల్మర్ గబగబా వచ్చి ముందు నిలబడ్డాడు, పెదాలు కనపడేటట్టు. "మంగళవారం మళ్ళీ రా," అన్నాడు. వెక్కిరిస్తున్నాడేమోనని మొహంలోకి చూసింది. వెక్కిరించడం లేదు. అయినా పక్కనుంచి తప్పుకుని పైకి వెళ్ళిపోయింది.

ఇక వెళ్ళకూడదనుకుంది. బుధ, గురువారాలు వాకిట్లో మంచు ఎత్తిపోసింది, అవసరం లేని చోట కూడా. ఆ అమ్మాయి చెవి పోయి ఉంటేనో అన్న ఆలోచన ఒకవైపు, అంతకంటే ఘోరం జరిగి ఉంటేనో అన్నది ఇంకోవైపు. ఇన్నాళ్ళూ దాచినందుకు సిగ్గు. వీటన్నిటి కింద, తన చోటు పోయిందన్న దిగులు. ఆ దిగులే అన్నిటికంటే పెద్దదిగా ఉన్నందుకు మళ్ళీ సిగ్గు.

శనివారం మధ్యాహ్నం కాలీన్ వచ్చింది. వెన్నలో వేయించిన క్యాబేజీ, నూడుల్స్ కలిపి గిన్నెనిండా తెచ్చింది. తలుపు తీసిన బెర్నిస్ లోపలికి రమ్మనకుండానే చెవి ఎలా ఉందని అడిగింది.

"ఆ రాత్రే సర్దుకుంది మిస్ బెర్నిస్. మీ చెవుల సంగతి చెప్పండి," అంది కాలీన్. చిన్నప్పుడు బస్సెక్కిన పిల్లలు ఎంత పెద్దవాళ్ళయినా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు.

బెర్నిస్ గిన్నె అందుకుని పొయ్యి మీద పెట్టింది. వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "వినపడవు. చాన్నాళ్ళయింది. పైకి చెప్పడం ఇదే మొదటిసారి."

ఆ తరవాత ఇద్దరూ తింటూ మాట్లాడుకున్నారు. కాలీన్ ఒక ఉపాయం చెప్పింది. సిద్ధంగా లేనివాళ్ళు అరవడంతో పాటు జేబులో ఉన్న చెయ్యి పైకెత్తితే సరిపోతుందని, అప్పుడు వెనకనుంచి కనపడుతుందని, ఆవిడ తన చోట తను ఉండొచ్చని. వినగానే బెర్నిస్ మొహంలో ఆశ కదిలింది. అంతలోనే తల అడ్డంగా ఊపింది.

"చెయ్యెత్తడం బాగానే ఉంది. కానీ మధ్యలో ఆపండని ఎవరైనా అరిస్తే? డెల్మర్ అరిచాడు. నాకు వినపడలేదు. చెవుల్లేని మనిషి అక్కడ ఉండకూడదు, ఎవరైనా సరే."

"అయితే గీత మీదికి రండి. మాతో పాటు కాల్చండి."

ముసలి చేతులని, పిస్టల్ తుప్పు పట్టి ఉంటుందని, కాల్చమన్న పిలుపూ ఆపమన్న పిలుపూ ఎలా వినాలని బెర్నిస్ వరసగా సాకులు చెప్పింది. అన్నీ అయ్యేదాకా కాలీన్ నూడుల్స్ తింటూ ఊరుకుంది.

"ఒకసారి మా మెట్ట దగ్గర నా బూటు మంచులో ఊడిపోయింది, గుర్తుందా? వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి చంపుతున్నారు. నేను బూటు తవ్వుకుని, తొడుక్కుని, ఎక్కి కూర్చునేదాకా మీరు గేరు వెయ్యలేదు," అంది.

"అది రూలు. పిల్లలు కూర్చోకుండా బస్సు కదలకూడదు."

"క్లబ్బులో మీ రూలు కూడా రూలే కదా. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది చేశారు. మీరు పంపినవాళ్ళలో మంగళవారం రానివాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

బెర్నిస్ ఆలోచించింది. పాస్టర్ వచ్చాడు. డెల్మర్ వచ్చాడు. క్రిస్మస్‌కి రాని మరిది సైతం మంగళవారానికి వచ్చాడు. నూడుల్స్‌లో ఉప్పు తక్కువైందని అంది.

మంగళవారం చెక్కపెట్టె చంకలో పెట్టుకుని నేలమాళిగ మెట్లు దిగింది. తను మేకుకి తగిలించిన గడియారం ఇప్పుడు డెల్మర్ మెడలో ఉంది. ఎదురుగోడ మీద, టార్గెట్లకి పైన, కొత్తగా ఒక ఎర్రబల్బు కనపడింది. వెలిగితే కాల్చాలి, ఆరితే ఆపాలి.

"ఇది నీ కోసమేం కాదు," అన్నాడు డెల్మర్, ఆవిడకి ఎదురుగా నిలబడి. "నా గొంతు కీచుగా ఉంటుందని వీళ్ళు ఏడిపిస్తున్నారు. అందుకని పెట్టాను."

"వైరు అంత వంకరగా లాగావేం?" అంది బెర్నిస్.

గీత మీద కాలీన్ పక్కన చోటిచ్చారు. ఆ గీతని వెనకనుంచి ఎన్ని ఏళ్ళు చూసిందో గానీ, బూటు మొనలు దానికి ఆనించి చాలా కాలమైంది. టార్గెట్ చాలా దూరంగా, నాణెమంత కనపడింది. పెట్టె తెరిస్తే నూనె వాసనతో పాటు మైరన్ గుర్తొచ్చాడు. తూటాలు నింపమన్నారని పక్కవాళ్ళ చేతులు చూసి తెలుసుకుంది. కీళ్ళు బిగిసిన వేళ్ళతో ఒక్కో తూటా డబ్బీలోకి తోస్తుంటే రెండు జారి బల్ల మీద దొర్లాయి. పక్కన అందరూ అప్పుడే నింపేసి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ముందుకి చూస్తున్నారు.

డెల్మర్ అడిగే ఉంటాడు. వినపడకపోయినా ఆవిడకి తెలుసు. ఆ ప్రశ్న తరవాత ఎంతసేపు ఆగాలో ఆవిడ ఒంటికే తెలుసు. కొత్తవాళ్ళు సిగ్గుపడి సిద్ధంగా లేనని చెప్పకపోతే ఎన్నిసార్లు చీవాట్లు పెట్టిందో. తను మాత్రం ఆ మాట పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ అనలేదు. బస్సులో గానీ, ఇంట్లో గానీ, మైరన్ మంచం పక్కన కూర్చున్నప్పుడు గానీ. ఇప్పుడూ అనబుద్ధి కాలేదు. కోపంగా మరో తూటా తోయబోతే అదీ జారింది.

బెర్నిస్ డబ్బీ బల్ల మీద పెట్టి, ఎడమ చెయ్యి పైకెత్తింది. "సిద్ధంగా లేను," అంది.

ఎంత గట్టిగా అందో, ఎంత మెల్లగా అందో ఆవిడకి తెలియలేదు. ఎదురుగోడ వైపు చూసింది. బల్బు వెలగలేదు. కాలీన్ కదల్లేదు. అటు చివర్నుంచి ఇటు చివరిదాకా ఒక్కరూ తల తిప్పి చూడలేదు, జేబులోంచి చెయ్యి తియ్యలేదు. వెనక డెల్మర్ తన కీచుగొంతుతో ఏం చెబుతున్నాడో ఆవిడకి వినక్కర్లేదు. గీత సిద్ధంగా లేదు, ఆగుతున్నాం.

చెయ్యి దించి కళ్ళు తుడుచుకుంది. దొర్లిపోయిన తూటాలు ఏరుకుని ఒక్కొక్కటే నింపింది. డబ్బీని పిస్టల్లోకి తోసి, కాళ్ళు సర్దుకుని, అప్పుడు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంది. ఆ తరవాతే బల్బు వెలిగింది.