వారంటీలోకి రాని గాలి

మొదట చచ్చింది లాప్‌టాప్‌లో ఎంటర్ మీట. గట్టిగా నొక్కితే పలికేది, మెల్లగా నొక్కితే ఊరుకునేది. నాకు దేన్నైనా గట్టిగా నొక్కే అలవాటే కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. కొన్నాళ్లకి తెర ఎడమ అంచున సన్నటి పచ్చగీత ఒకటి పుట్టింది. ఆ తరువాత ఓ ఉదయం స్విచ్ నొక్కితే లోపల ఫ్యాను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. తెర నల్లగా ఉండిపోయింది. అందులో నా మొహం తప్ప మరేమీ కనిపించలేదు.

నా పని పుస్తకాలకి పేజీలు కూర్చడం. విజయవాడలో డిగ్రీ పాఠ్యపుస్తకాలు వేసే ఒకాయనకి ఇంట్లో కూర్చునే పేజీలు కట్టి, తప్పులు దిద్ది పంపుతాను. బీకాం చదివి, పెళ్లయి రాజోలు అవతల సముద్రం దిక్కున ఉన్న ఈ ఊరికి వచ్చాక, ఎవరి దయా లేకుండా నేను సంపాదించుకున్నది ఆ ఒక్క పనే. అంతకుముందు ఏడు కూడా సరిగ్గా కాలేజీలు తెరిచే ముందే నా లాప్‌టాప్ చచ్చింది. అప్పటికి వారంటీ దాటిపోయింది కాబట్టి నోరు మూసుకుని, అంటే నా లెక్కలో కాస్త తక్కువ తిట్టి, కొత్తది కొన్నాను. ఈసారి అదనపు వారంటీ కూడా కట్టించాను. ప్రచురణకర్త చాలా నెమ్మదైన మనిషి. ఆ నెమ్మదితోనే ఫోనులో చెప్పాడు, ఈసారి కూడా పేజీలు ఆలస్యమైతే పని వేరేవాళ్లకి ఇవ్వక తప్పదమ్మా అని. అరిచేవాళ్లతో నాకు భయం లేదు. నెమ్మదిగా చెప్పేవాళ్లు చెప్పింది చేస్తారు.

కంపెనీవారి సొంత సర్వీసు సెంటరు మా దగ్గర్లో లేదు. రాజమండ్రి వెళ్లాలి. లాప్‌టాప్‌ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లి, చల్లటి గదిలో టోకెను పుచ్చుకుని కూర్చుని, అప్పగించి వచ్చాను. వాళ్లు చూసి ఫోను చేస్తామన్నారు. చెయ్యలేదు. నేనే చేశాను. పరిశీలనలో ఉందన్నారు. ఆ పరిశీలన ఎంతకీ తెమలకపోయేసరికి మళ్లీ బస్సెక్కి వెళ్లి వాళ్ల ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కౌంటరులో ఉన్నతను మనవైపు మనిషే. ఎంత మర్యాదంటే, కాదని చెప్పేటప్పుడు కూడా నీళ్లు కావాలా అని అడిగి మరీ చెప్పాడు.

“లిక్విడ్ డ్యామేజ్ కింద వస్తుందండి మేడం. వారంటీలోకి రాదండి.”

మా ఆయన్ని కాఫీ గ్లాసుతో నా పని బల్ల ఛాయలకి కూడా రానివ్వనని, మా ఇంట్లో దేవుడి పటాలకి కూడా అంత మడి లేదని చెప్పాను. అతను తన కంప్యూటరు నా వైపు తిప్పి ఫోటో చూపించాడు. లోపలి బోర్డు మీద కందిబద్ద కన్నా చిన్నదైన ఒక బిళ్ల అతికించి ఉంది. కొత్తలో అది తెల్లగా ఉంటుందట. తడి తగిలితే ఎర్రబడుతుందట. ఇక ఎప్పటికీ తెల్లబడదట. నాది కుంకుమలా ఉంది.

“నేను నీళ్లు పొయ్యలేదు” అన్నాను.

“ఆయ్, పోసేరని మేం అనడం లేదండి. తగిలేయి అంటున్నామండి, అంతే.”

ఆ మాట ఎందుకో నాకు నచ్చలేదు. నీళ్లు పోసింది నువ్వేనని అతను నిలదీసి ఉంటే నాకు హాయిగా ఉండేది, కాదని పోట్లాడేదాన్ని. ఎవరూ పొయ్యకుండా నీళ్లు తగిలాయంటే ఏం చెప్పాలి?

పోనీ చెడిపోయిన ముక్క మార్చండి, దానికి డబ్బిస్తాను అన్నాను. ముక్కలు మార్చరట. అన్నీ ఒకే బోర్డుకి అతికించి ఉంటాయి కాబట్టి బోర్డంతా మార్చాలట. దాని ధర కొత్త లాప్‌టాప్ ధరలో ముప్పాతిక. పైగా పాత బోర్డు వాళ్లే ఉంచుకుంటారు, అందులో నేను కూర్చిన పేజీలు ఏమైపోయినా వాళ్లకి సంబంధం లేదు. పన్ను నొప్పి అని వెళ్తే తల మార్చాలనే డాక్టరుని నేనింకా చూడలేదని చెప్పాను. అతను నవ్వాడు. ఆ నవ్వు కూడా వారంటీలో లేనట్టే, వెంటనే ఆగిపోయింది.

లాప్‌టాప్ వెనక్కి పుచ్చుకుని ఇంటికొచ్చి, కంపెనీ ఫోను నంబరుతో పోట్లాడాను. నా ఫోను వాళ్లకి ఎంతో ముఖ్యమని ఒక రికార్డు చాలాసేపు చెప్పాక, ఒకమ్మాయి లైనులోకి వచ్చింది. పిన్‌కోడు అడిగింది. వాడే చోటు సముద్రానికి దగ్గరా మేడం అని అడిగింది. నేను మనూరి గొప్ప చెప్పుకునే ధోరణిలో, కోనసీమమ్మా, సముద్రం హోరు మా పెరట్లోకి వినిపిస్తుంది అన్నాను. అటువైపు మీటలు టకటకమన్నాయి. మర్నాటికి జవాబు వచ్చింది. వాడే చోటి పరిస్థితుల వల్ల కలిగే నష్టానికి కంపెనీ బాధ్యత వహించదు. అమ్మేటప్పుడు మాత్రం ఈ చోటు వాళ్లకి బాగానే పనికొచ్చింది.

వినియోగదారుల ఫోరానికి వెళ్దామని నిశ్చయించుకున్నాను. దానికి సాక్ష్యం కావాలి. నా ఆలోచన ఇది: మనవైపు గాలికి ఆ బిళ్ల దానంతటదే ఎర్రబడుతుంది, ఒక్క చుక్క నీళ్లు పడకపోయినా సరే. కోనసీమలో ఏ లాప్‌టాప్ విప్పినా ఎర్రగానే ఉంటుంది. అది రుజువు చేస్తే వాళ్ల బిళ్ల అబద్ధాలకోరని తేలుతుంది. అదే కంపెనీది మా పక్కింటి టీచరుగారి దగ్గర ఒకటుంది, అడిగి తీసుకున్నాను. కొత్తపేటలో మా అక్క దగ్గర నాదానికన్నా పాతది ఒకటుంది, దాన్నీ తెప్పించాను. మూడింటినీ సంచిలో వేసుకుని అమలాపురంలో బాగుచేసే షాపతని దగ్గరికి వెళ్లాను.

“పెళ్లిచూపులకి ముగ్గుర్ని తెచ్చేరేంటండీ” అన్నాడతను. అతనికి మాటెక్కువ. ఒక్కో స్క్రూ విప్పుతూ తన అల్లుడి సంగతి చెప్పాడు, ఎన్నికల సంగతి చెప్పాడు, టీ తెప్పించాడు.

నాది విప్పాడు. బోర్డు అంచుల్లో ఇత్తడి గిన్నెకి పట్టినట్టు పచ్చగా చిలుం పట్టి ఉంది. దాని మీద తెల్లటి పొడి. పక్కింటి టీచరుగారిది విప్పాడు. అదీ ఎర్రగానే ఉంది, అంచున అదే చిలుం. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశారా, ఆవిడా నీళ్లు పొయ్యలేదు అన్నాను. ఆమె తన లాప్‌టాప్‌కి టోపీ కూడా కుట్టించిందని చెప్పాను. ఫోరం ముందు ఏం మాట్లాడాలో మనసులో వాక్యాలు కూడా కట్టేసుకున్నాను.

మా అక్కది విప్పాడు. బిళ్ల తెల్లగా ఉంది.

షాపతను వేలితో తుడిచి చూశాడు, దుమ్ము కాదు, నిజంగానే తెలుపు. తరువాత, కొత్తపేట కదండి, అక్కడ చేలూ కొబ్బరితోటలేనండి, మీవైపు రొయ్యల చెరువులు కదండి అన్నాడు. నేను కంపెనీ మీద పట్టుకెళ్లిన సాక్ష్యం నా ఎదురుగానే కంపెనీ పక్కకి వెళ్లి నిలబడింది. బిళ్ల అబద్ధమాడలేదు.

ఇంటికి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, నేను పనిచేసుకునే బల్ల ముందున్న కిటికీ దోమతెరని వేలితో రాసి నాలిక మీద పెట్టుకున్నాను. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూసినట్టు. సరిపోయింది.

ఆ కిటికీకి ఎదురుగా రోడ్డుంది. రోడ్డు దాటగానే మా చేను, దాని వెనక మా మరిది రొయ్యల చెరువు. అన్నదమ్ముల పంపకంలో వెనక భాగం అతనికి వచ్చింది. కొన్నేళ్ల కింద దాన్ని తవ్వించి, సముద్రపు పోటుకి ఉప్పెక్కే ఏటి నీరు పెట్టించాడు. రొయ్యలకి ఊపిరాడాలని చెరువులో ఏరియేటర్లు తిరుగుతుంటాయి, రెక్కలున్న చక్రాలు నీటిని ఎగరగొడుతుంటాయి. ఆ చప్పుడు మాకు ఎంత అలవాటైపోయిందంటే, కరెంటు పోయి అది ఆగితేనే ఏమైందని బయటికి వచ్చి చూస్తాం. ఎగిరిన తుంపరలో సగం చెరువులోనే పడుతుంది. మిగతాది ఎక్కడ పడుతుందని నేనెప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం ఇల్లంతా తిరిగి చూశాను. కిటికీ ఊచలు పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఫ్రిజ్ వెనక రేకు గోరు తగిలితే రాలింది. గేటు బందులు రెండోసారి మార్చినవి. టీవీ పోయినప్పుడు టీవీ కంపెనీని తిట్టాను, మిక్సీ పోయినప్పుడు మిక్సీ అమ్మినవాణ్ని తిట్టాను, మోటారు పోయినప్పుడు మెకానిక్కుని తిట్టాను. ఒకే దొంగ వచ్చి ఇంట్లో గదికో వస్తువు పట్టుకుపోతుంటే నేను రోజుకో మనిషిని అనుమానించాను.

మర్నాడు చెరువు గట్టుకి వెళ్లాను. మా మరిది మేత బస్తాలు దింపించుకుంటున్నాడు. సంగతి చెప్పాను. నాకింకో లాప్‌టాప్ కొనుక్కునే ఓపిక లేదని, ఇది కూడా ఆగితే నా పని పోతుందని, ఆ చక్రాలు మా ఇంటివైపు లేకుండా అవతలి గట్టుకి మార్పించమని అడిగాను. అతను మంచిగానే విన్నాడు.

“చెరువు నాదే వదినగారూ. గాలి కూడా నాదేనంటే ఎలాగండి?”

“గాలి నీది కాదయ్యా. అందులో ఉప్పు నీది.”

“మీతో మాట్లాడి నెగ్గేవాడెవడండి” అని నవ్వాడు. బస్తా మీద చెయ్యి వేసి చెరువులోకి చూశాడు. “అన్నయ్య మీకు చెప్పలేదాండీ? ముందున్న మీ చేను కూడా కలిపేస్తున్నాం కదా. అప్పుడు చక్రాలు ఎటు పెట్టినా ఒకటేనండి.”

అన్నయ్య నాకు చెప్పలేదు. చేను చెరువైతే, మాకూ ఉప్పునీటికీ మధ్య ఉండేది రోడ్డు ఒక్కటే.

ఇంటికి వచ్చి మా ఆయన్ని అడిగాను. అరుస్తాననుకుని ఆయన ముందే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నేను అరవలేదు. వానాకాలం సార్వా పైరు ఆకుల చివర్లు మాడి ఎర్రబడటం నువ్వు చూడలేదా అన్నాడు. కోస్తే సగం తాలు గింజలే వచ్చాయని, చెప్తే గొడవ చేస్తానని చెప్పలేదని అన్నాడు. పక్కన చెరువు పడ్డాక మన చేనూ ఉప్పెక్కిపోయింది, ఇంక అందులో వరి వేసి ఏరుకునేదేముంది అన్నాడు. తమ్ముడు అడ్డదారిన ఏమీ పట్టుకుపోవడం లేదు, కౌలు ఇస్తానన్నాడని చెప్పాడు. నా దగ్గర వాదనలకి కొదవ ఉండదు. ఆ రోజు ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. అన్నీ చెరువు తవ్వకముందు చెయ్యాల్సిన వాదనలే.

ఆయన నన్ను సముదాయించడానికి చివరికి ఒక మాట అన్నాడు.

“కౌలు చేతికి రాగానే నీకు కొత్త లాప్‌టాప్ కొందాం.”

“ఎన్ని కొంటారు?” అన్నాను.



తరువాత కొన్నాళ్లకి కంపెనీ నుంచి ఒకతను ఫోను చేశాడు. మా సేవ మీకు సంతృప్తి కలిగించిందా మేడం అని. కలిగించలేదని వివరంగా చెప్పాను. అతను ఓపిగ్గా విని, కొత్తది తీసుకుంటే మాత్రం దాన్ని అలాంటి వాతావరణంలో ఉంచకండి, లోపలి భాగాలు తట్టుకోలేవు అని సలహా ఇచ్చాడు. మరి మనుషుల్ని ఉంచొచ్చా అని అడిగాను. వెక్కిరించడానికి కాదు, అతనికేమైనా తెలుసేమోనని అడిగాను. అది మా పరిధిలోకి రాదండి అన్నాడు. వేరే ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగాడు.

ఇప్పుడు మా అక్క పాత లాప్‌టాప్ మీదే పని చేస్తున్నాను. కొత్తపేటలో, వాళ్లింట్లోనే. మొదట్నుంచీ మళ్లీ కూర్చి పేజీలు పంపాను. ఆలస్యమైంది గానీ ప్రచురణకర్త ఆ ఒక్కసారికి ఊరుకున్నాడు. పని నా చేతిలోంచి పోలేదు. పొద్దున్నే వంట చేసి పెట్టేసి బస్సెక్కుతాను. అమలాపురంలో మారాలి. మా ఇంటి ముందు చేలో పొక్లెయిన్ దిగింది. తవ్విన మట్టితో గట్టు రోడ్డు అంచుదాకా వచ్చింది. బస్సు చెరువు అవతలికి తిరిగాక కిటికీలోంచి చూస్తే గట్టు వెనక మా ఇంటి పైభాగమే కనిపిస్తుంది.

ఒకసారి ఇంటి దగ్గర కూడా కాసేపు పని చేసుకుందామని లాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకోబోయాను. మా అక్క చేతిలోంచి తీసేసుకుంది. అక్కడికి వద్దే, పాడైపోతుంది అంది. నిజమే కదా అని వదిలేశాను. దాన్ని పాత చీరముక్కలో చుట్టి, వాళ్ల బీరువాలో పెట్టి, తలుపు బిగించి, నేను బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.