ఇద్దరం దాటేసిన పంక్తి

నాకు చూపించడానికి మా అమ్మాయిచేత మళ్లీ ఓ పేరా చదివించారు; నిమిషం కాగానే టీచరమ్మ చేతిలో ఫోను టింగుమంది. పరీక్ష మా అమ్మాయికి, చెమట నాకు. పాలకొల్లులో ఆ బడి వరండాలో ఆటో తాళాలు పట్టుకుని నిలబడ్డాను. మూడో తరగతి పిల్లలందరిచేతా ఇలా చదివించి, వెనకబడ్డవాళ్లకి రోజూ విడిగా నేర్పుతారట. మా అమ్మాయి ఆ వెనకబడ్డవాళ్లలో తేలింది. "అది మొద్దుల గది, నేను వెళ్లను నాన్నా" అని పొద్దున్న అన్నం మానేసింది. పంపాలో వద్దో చెప్పమని నన్ను పిలిపించారు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి సలహా అడగడం కన్నా పెద్ద జోకుందా?

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఐదో తరగతికి సత్యవతి టీచరుగారు కూడా ఇలాగే చేసేవారు. చేతిగడియారం బల్లమీద పెట్టుకుని, ఫస్టొచ్చే శ్రీనుతో మొదలుపెట్టి అందరిచేతా ఒకే పేరా చదివించేవారు.

"శ్రీనుకి వచ్చు కదండీ, వాడికెందుకండీ?" అన్నాను ఓరోజు.

"అందర్నీ పిలిస్తే ఎవరూ తలొంచుకుని రానక్కర్లేదురా. కూర్చో."

నాకు అక్షరాలు ఈగల్లా ముసిరేవి. చెవులు మాత్రం చురుకైనవి. శ్రీను తర్వాత వంతు నాదే. వాడు చదివింది విన్నది విన్నట్టు, గొంతు మార్చి మార్చి అప్పజెప్పాను. క్లాసంతా నవ్వింది.

"బాగుందిరా. మధ్యలో ఓ పంక్తి ఏమైంది?"

"ఏ పంక్తండీ?"

"శ్రీను కంగారులో దాటేసింది. నువ్వూ సరిగ్గా అక్కడే దాటేశావు."

"స్నేహితుణ్ణి ఒంటరిగా వదలకూడదనండీ!"

అప్పుడు ఆవిడ నవ్వారు. "రేపు గంట కొట్టకముందే రా" అన్నారు. అది శిక్షో, ప్రేమో నాకు తెలియలేదు. రోజూ బస్టాపుకి తీసుకెళ్లి నరసాపురం, భీమవరం బస్సుల బోర్డులు చదివించారు. మెల్లగా ఈగలు అక్షరాలయ్యాయి.

ఏడులో ఉండగా నాన్న నడుం దెబ్బతిని మంచం పట్టాడు. నేను రొయ్యల చెరువు పనికి వెళ్లాను. టీచరుగారు ఆ చెరువు గట్టు మీదికి వచ్చారు.

"నీ చదువు చూశాన్రా. మీ ఇల్లు చూడలేదు."

"ఫరవాలేదండీ, రొయ్యలకి పాఠాలు చెబుతాను."

ఈసారి ఆవిడ నవ్వలేదు. ఆవిడ నన్ను కాపాడినట్టా, కానట్టా? ఇప్పటికీ తేలదు. బోర్డులు చదవడం వచ్చు కాబట్టి ఆటో నడుపుతున్నాను. పదో తరగతి లేదు కాబట్టి ఆటోనే నడుపుతున్నాను.

"అందర్నీ చదివించారాండీ?" అని ఇప్పుడు మా అమ్మాయి టీచరమ్మని అడిగాను.

"అందర్నీనండి. ఫస్టొచ్చే పాపతో సహా."

"అయితే పంపుతానండి." అన్నాను గానీ, మంచి చేశానో చెడు చేశానో తెలియలేదు.

ఆటో ఎక్కాక మా అమ్మాయి అడిగింది. "నేను మొద్దునా నాన్నా?"

నోటిదాకా వచ్చిన జోకు మింగేశాను. "కాదమ్మా. సాయంత్రం బేరాలు తగ్గించుకుని వస్తాను. ఇద్దరం కూర్చుని చదువుదాం."

"నీకు చదవడం వచ్చా?"

"కొంచెం వచ్చమ్మా. సత్యవతి టీచరుగారు నేర్పినంత."