నానమ్మ నిప్పుకి మొదటి ముద్ద

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది, మీట నొక్కితే పనిచేసే వస్తువు ఏదైనా సరే నాకు తెలియనిది ఉండదని. (ఇప్పుడు ఇంట్లో మీటలు పెరిగాయి, నమ్మకం తరిగింది.) చదువు అయిపోగానే యాంగోన్‌లో (మా పెద్దవాళ్లకి రంగం) గ్యాస్ స్టవ్వులూ గీజర్లూ అమ్మే షాపులో ఉద్యోగం దొరికింది మరి. యజమానిని అందరం ఊలే అనేవాళ్లం, బర్మా మాటలో బాబాయి అన్నట్టు. ఆ షాపులో ఓ మూల, గుడ్డ కప్పి, గ్యాస్‌తో మండే చలిమంట గూడొకటి ఉండేది. కొండల మీది హోటలేదో తెప్పించమని, తీరా వచ్చాక వద్దందట. ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్లో దాన్నెవరు కొంటారు? రోజూ దుమ్ము దులపడం, దాని క్యాటలాగు చదవడం నా పని. అందులో ఓ దొరా దొరసానీ మంటవైపు కాళ్లు బారజాపుకుని నవ్వుతూ ఉండేవారు.

అదే క్యాటలాగు ఒకనాడు మా ఇంటికి అవసరపడింది. తామ్వే పేటలో మూడో అంతస్తులో ఉండేవాళ్లం, నాన్నా, నానమ్మా, నేనూ. నానమ్మ మామగారు రేవులో మూటలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు. ఆయన నాటి బొగ్గుల కుంపటే నానమ్మ సర్వస్వం. ఏటి అవతలి దలా నుంచి ఫెర్రీలో బొగ్గు తెప్పించుకుని, వరండాలో తన అన్నం తనే వండుకునేది. నెయ్యి వేసి కలిపిన మొదటి ముద్ద నిప్పులకి పెట్టి, అది చిటపటలాడి మసైపోయేదాకా చూసి, "తిన్నాది" అనేది. ఆ తరవాతే తన నోట్లో ముద్ద. ఆ ఏడు వానలకి ముందు డాక్టరు ఆమె ఊపిరితిత్తుల ఫొటో వెలుగుకి పట్టి చూసి, ఇంకో వానాకాలం ఈ పొగ పీలిస్తే బతకదని నాన్నతో చెప్పేశాడు.

నానమ్మకి చెబితే వింటేనా! "నిప్పు అవుపడని ఇల్లు ఇల్లేటి? వొంటింటి గ్యాసు పొయ్యి ఆరిపేసినాక ఏటుంటాది, ఇనుపముక్క!" అంది. వానల్లో నాలుగు నెలలు బట్ట ఆరదు, గోడ ఆరదు, ఆమె కీళ్లు పట్టేస్తాయి. నిప్పు ఉండాలి, పొగ ఉండకూడదు. గుడ్డ కప్పిన మూల గుర్తొచ్చి నేను ఎగిరి గంతేశాను. "రంగంలో చలిమంటేటే! లోకం నవ్వుతాది" అన్నాడు నాన్న. ఊలే మాత్రం, పట్టుకుపో తల్లీ, షాపులో కాస్త చోటొస్తుంది అన్నాడు.

నానమ్మ ముందు కూర్చుని పెద్ద ఇంజనీరులా ఉపన్యాసం ఇచ్చాను. చలిమంటల్లో కరెంటువి ఉన్నాయి, వాటిలో మంట ఉత్త బొమ్మ. గొట్టం లేని గ్యాసువి ఉన్నాయి, అవి ఊదే గాలి గదిలోనే ఉండిపోతుంది, నీ ఊపిరికి పనికిరాదు. ఇదైతే ముందర అద్దం బిగించేసి ఉంటుంది, గొట్టంలో గొట్టం, ఒకదాంట్లోంచి బయటి గాలి వస్తుంది, రెండో దాంట్లోంచి వేడిగాలి బయటికే పోతుంది. అంతా విని ఆమె క్యాటలాగు బొమ్మ మీద వేలు పెట్టింది. "ఈలేటే, అగ్గికి కాల్లు సాపినారు? సిగ్గు నేదేటి?"

బిగించడానికి షాపు మెకానిక్ వచ్చాడు. అతన్ని నేను కో గొట్టం అని పిలిచేదాన్ని (కో అంటే అన్న, గొట్టం నా సొంత కవిత్వం). గోడకి కన్నం వేశాడు, సిలిండరుకి సరిపడే నాజిల్ మార్చాడు, ప్రతి అతుకు మీదా సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమోనని చూశాడు. మిగతా అంతస్తుల జనమంతా మా గదిలోనే. నానమ్మ చట్రానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నేను గొప్పగా రిమోట్ నొక్కాను. ఏమీ లేదు. మళ్లీ నొక్కాను. నాన్న కిటికీ వైపు తిరిగిపోయాడు. పైపులో గాలి ఉంది, పోనివ్వు అన్నాడు కో గొట్టం. కాసేపటికి అద్దం వెనక ఓ చిన్న నీలిమొగ్గ విచ్చుకుంది, దాన్నుంచి పెద్దమంట లోపల పేర్చిన మట్టికట్టెల మీదుగా లేచి నిలబడింది. పొగ లేదు, చప్పుడు లేదు. రోజూ క్యాటలాగు చదివిన నాకే ఒళ్లు జలదరించింది. నానమ్మ రెండు చేతులూ జోడించింది. పెద్దమంట ఆర్పినా ఆ నీలిమొగ్గ, పైలట్, వెలుగుతూనే ఉంటుందని చెబితే, "అకండదీపమే!" అని మురిసిపోయి, కుంపటి తనే మెట్లకింద పెట్టించేసింది.

వానలు మొదలయ్యాయి. నానమ్మ దగ్గు తగ్గింది, వేళకి తింటోంది. నా తెలివికి నేనే మురిసిపోతూ తిరిగాను. అలా ఉండగా జోరువానలో ఓ మధ్యాహ్నం అఖండదీపం ఆరిపోయింది. నేను నొక్కని మీట లేదు. నానమ్మ కంచం పక్కకి తోసేసింది. "నాను తప్పు సేసినాను, అది అలిగినాది. అది తినకుండా నానేటి తింతాను? ఒలే గుంటా, కుంపటి తే." కుంపటి పైకి వచ్చిందంటే ఏమవుతుందో నాన్నకీ నాకూ తెలుసు.

కబురు పెడితే కో గొట్టం తడిసి ముద్దై వచ్చాడు. ఎప్పటిలాగే కరెంటు లేదు (చలిమంటకి దాంతో పనిలేదు, బ్యాటరీలే). టార్చి వేసి, అద్దం కింద మీటలుండే చిన్న తలుపు తెరిచాడు. లోపల వరసగా ఎండిపోయిన నేతి ముద్దలు! వాటినుంచి పైలట్ దాకా బారులు తీరిన చీమలు, పైలట్‌కి గాలి అందే కన్నం నిండా చీమలు. ముందర అద్దం ఉంటే నానమ్మ ఏం చేస్తుంది పాపం, దొరికిన వాకిట్లోంచి రోజూ అన్నం పెట్టింది. నాకు నవ్వొచ్చింది, నానమ్మ ముఖం చూశాక ఆగిపోయింది.

కో గొట్టం నవ్వలేదు. ముద్దలన్నీ రెండు చేతులతో ఎత్తి ఆకులో పెట్టాడు. చీమల్ని బ్రష్‌తో దులిపి, కన్నం శుభ్రం చేసి, పైలట్ వెలిగించాడు. "అఫ్వా," అన్నాడు, బర్మా వాళ్లు మామ్మని అలాగే పిలుస్తారు, "మా ఇంట్లోనూ పొద్దున్న మొదటి అన్నం బుద్ధుడి ముందే పెడతాం. ముందర పెడతాం, లోపల పెట్టం. మీరూ ముందర పెట్టండి."

"మరి తిన్నాదని ఎలగ తెలుస్తాది?"

"మంట ఎగురుతుంది చూడండి."

నానమ్మ చిన్న పళ్లెంలో ముద్ద పెట్టి, అద్దం ముందు ఉంచి, కళ్లు మంటకి అప్పగించింది. మంట ఒక్కసారి నిలువెత్తున లేచింది! చీకటి గది బంగారమైపోయింది. తడి గొడుగు వెనక కో గొట్టం చేతిలో రిమోట్ నేను చూశాను. చూసి కూడా, చెప్పొద్దూ, నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "తిన్నాది!" అంది నానమ్మ, ఆనక కంచం దగ్గరికి లాక్కుంది.

ఆ రోజు నుంచి నాకు కొత్త ఉద్యోగం. మధ్యాహ్నం అన్నానికి షాపు నుంచి పరుగెత్తుకొచ్చి, ఓణీ చాటున రిమోట్ నొక్కి, దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూడటం. నేను రాలేని రోజున నాన్న, లోకం నవ్వుతుందన్న పెద్దమనిషి, లుంగీ మడతలో రిమోట్ దాచుకునేవాడు. నానమ్మ ఆ తరవాత చాలా వానాకాలాలు చూసింది. ఆఖరి దాకా మా మోసం కనిపెట్టలేదని మేమిద్దరం తెగ సంబరపడ్డాం.

ఇప్పుడా చలిమంట మా ఆయనా నేనూ ఉండే ఇంట్లో ఉంది, ఈ కథంతా ఆయనకి కంఠతా. వానలకి ముందు గొట్టంలో పిట్టగూడు ఉందేమో చూస్తాను, దుమ్ము దులుపుతాను, అతుకులకి సబ్బునీళ్లు రాస్తాను, అద్దం తుడుస్తాను. ఈ ఏడు మొదటి వాన రోజున, ఎందుకో, చిన్న పళ్లెంలో నేతి ముద్ద దాని ముందు పెట్టాను. (వట్టి గ్యాసే అది, నాకు తెలియదా!) మంట నిలువెత్తున లేచింది. ఉలిక్కిపడి వెనక్కి తిరిగితే మా ఆయన, చేతులు వెనక్కి పెట్టుకుని, దూలాలు లెక్కపెడుతున్నాడు. అచ్చం నాలాగే. ఎంత అధ్వాన్నంగా నటిస్తున్నాడో! అప్పుడు తెలిసింది, నానమ్మకి మొదటి రోజు నుంచీ అంతా తెలుసని.

నేను కూడా ఏమీ చూడనట్టే మంటవైపు తిరిగి, "తిన్నాది" అన్నాను. కంచం దగ్గరికి లాక్కున్నాను.