అక్కకు చదివి వినిపించిన స్క్రిప్టు

సూర్యాపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా బావ, అక్క భర్త, రక్తదాతల కోసం ఒక వెబ్ పేజీ తయారుచేశాడు. హైవే మీద యాక్సిడెంటయితే దవాఖాన వాళ్లు గ్రూపు నొక్కగానే దాతల నంబర్లు కనిపించాలి.

కోదాడలో అదే పని నేర్చుకుంటున్న నాకు ఆయన స్క్రిప్టు, అంటే పేజీని నడిపించే ప్రోగ్రాం, నచ్చలేదు. పేజీ రూపం ఒక ఫైల్లో, జాబితా ఇంకో ఫైల్లో, రెంటినీ కలిపే వరుసలు వేరే ఫైల్లో. లోపల ఒక్కో పనికి పెట్టిన పేర్లన్నీ మామూలు తెలుగు మాటలు, పొడుగు. నేను అంతా ఒకే ఫైల్లోకి కుదించాను. పేర్లను ఒక్కో అక్షరం చేశాను. మిర్యాలగూడ నెట్ సెంటర్లో రెండూ తెరిచి చూస్తే నాదే ముందు తెరుచుకుంది.

"జల్ది వస్తున్నది బామ్మర్ది. ఇగ మీ అక్కకు సదివి ఇనిపియ్యి," అన్నాడు బావ.

అది ఆయన పద్ధతి. కంప్యూటర్ ముట్టని అక్కకు రాసిందంతా చదివేవాడు. ఆమె ఎక్కడ ఆపితే అక్కడ తిరగరాసేవాడు. నన్ను రెండో వరుసలోనే ఆపింది.

"ఏందిరా గది? ఒక్క ముక్క సమజ్ కాలే."

"మిషన్‌కు సమజైతే సాలక్కా."

"అయితే పొద్దటి బువ్వ గూడ మిషన్నే అడుగు," అని లేచిపోయింది.

బావ నవ్వలేదు. రక్తం కోసం చూసేవాళ్లు ఆగలేరని ఆయనకూ తెలుసు. నాలుగు రోజులకు పిలిచి చూపించాడు. ఆ పొడుగు పేర్లు, ఆ మూడు ఫైళ్లు అట్లాగే ఉన్నాయి.

"ఇంతకుముందు ఎవలు తెరిసినా పేజీ మల్ల కొత్తగ తయారైతుండె. ఇప్పుడు లిస్టు మారినప్పుడే తయారైతది. తయారైంది ఫైల్ల దాసి పెడ్తది. సూసెటోళ్లకు గదే పోతది."

అది నా పేజీకంటే ముందు తెరుచుకుంది. వేగం కావాలంటే చదవడానికి వీల్లేకుండా రాయాల్సిందే అనుకునేవాడిని. ఆయన రెండింటిలో ఏదీ వదులుకోలేదు. పేర్లు పొట్టిచేయడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదని కూడా తర్వాత తెలిసింది.

2013లో బావ గుండె ఆగి చనిపోయాడు. ఏ దాతా దొరకనప్పుడు పేజీలో తన నంబరే వచ్చేట్టు రాసుకున్నాడు. ఫోన్ వస్తే తానే తిరిగి ఎవరినో ఒకరిని పట్టుకొచ్చేవాడు. నెల తిరగకముందే ఆ నంబరుకు మిర్యాలగూడ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. అక్క ఎత్తింది. ఆయన లేడని చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అవతల మనిషికి అంత సమయం లేదు.

ఆదివారం వచ్చి ఆ నంబరు మారుస్తానని అక్కతో అన్నాను. రెండు ఆదివారాలు గడిచినా ఆయన ఫైళ్లు తెరవలేకపోయాను.

అక్కే బావ పాఠాలు చెప్పిన ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి స్క్రిప్టు తెరిపించుకుందట. చదువుకుంటూ పోయి ఆ వరుస తానే చూపించిందట. సాయంత్రం ఫోన్ చేసింది.

"'ఎవ్వరు దొరకకపోతే' అని రాసి ఉన్న కాడ మీ బావ నంబర్ తీపిచ్చిన. నీది పెట్టిచ్చిన. ఫోన్ ఎత్తు మరి."

మర్నాడు వేములపల్లి నుంచి ఒకాయన చేశాడు, ఎ నెగటివ్ కావాలని. ఎత్తాను.