బిగిసిన మెట్టె

రెండు వేల ఇరవై మూడు, శ్రావణ మాసం. ఆ ఏడు అధిక శ్రావణం రావడంతో శుభకార్యాలన్నీ నిజ శ్రావణం మీద పడ్డాయి. పెళ్ళిపనుల్లో నడుములు పట్టేసినవాళ్ళతో గుణదలలో నా క్లినిక్ కిటకిటలాడుతోంది. నేను ఫిజియోథెరపిస్టుని. మందులు ఇవ్వను. వ్యాయామంతో, చేతులతో, కొంచెం కరెంటు మిషన్లతో ఒంటినొప్పులు సరిచేసే పని నాది. రాణీ గారిది గట్టి నోరని పేషెంట్లు అనుకుంటారు. నిజమే. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో తప్పు చేసింది ఆ నోరే.

శిరీష మొదటిసారి ఆ ఏడు ఫిబ్రవరిలో వచ్చింది. మంగళగిరిలో జూనియర్ కాలేజీ లెక్చరర్, ముప్ఫై నాలుగేళ్ళు. కుడి మణికట్టు నొప్పి.

"బోర్డు మీద రాసి రాసి వచ్చిందన్నమాట" అన్నాను.

"కాదండీ. గేమ్స్ ఆడతాను, కంప్యూటర్లో" అంది, నేరం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి.

"దానికంత గుసగుసలెందుకండీ? మా ఆయన రోజంతా క్రికెట్ చూస్తూ కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. మీరు కూర్చుని ఆడితే తప్పా?"

అప్పుడు నవ్వింది. నలుగురు ఆడవాళ్ళ జట్టు వాళ్ళది, తలొక ఊళ్ళో ఉంటారు, ఆదివారాలు ఆన్‌లైన్ పోటీలు. ఆట మానమంటానేమోనని భయపడుతూ వచ్చిందట. మానమంటే పేషెంట్లు మానరు, నా దగ్గరికి రావడం మానేస్తారు. అందుకని ఆట మధ్యలోనే వ్యాయామం ఇరికించాను. ఒక ఆట ముగిసి ఇంకోటి మొదలయ్యేదాకా ఆటగాళ్ళు ఎదురుచూసే చోటుని లాబీ అంటారట. అక్కడ రెండు మూడు నిమిషాలు దొరుకుతాయి. "ఆ లాబీలో మీరు కుర్చీలో ఉండకూడదు" అని షరతు పెట్టాను. లేచి నడవాలి, మడమలెత్తి దించాలి, గ్లాసు నీళ్ళు తాగాలి. లేవడం కుదరకపోతే యాంకిల్ పంప్స్, అంటే పాదాన్ని పైకీ కిందకీ ఆడించడం. కాలిలోని రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరమే. గంటల తరబడి కదలకపోతే ఆ పంపు ఆగినట్టే. సాయంత్రాలు అరగంట నడక. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి కుర్చీ ఎత్తు కూడా సరిచేసి వచ్చాను.

చెప్పింది చెప్పినట్టు చేసే పేషెంటు దొరకడం మా వృత్తిలో లాటరీ. శిరీష అన్నీ చేసింది. మణికట్టు నొప్పి పోయింది, నడక పరుగయింది, ఒళ్ళు తేలికయింది. చేతికి గుండె వేగం చూపించే వాచీ కొనుక్కుని, "అరవై ఎనిమిది మేడమ్, కూర్చుని ఉంటే అరవై ఎనిమిదే!" అని మురిసిపోయేది. నేనూ తక్కువ మురవలేదు. కొత్తగా వచ్చేవాళ్ళకి ఆవిడ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని.

శ్రావణంలో ఒక సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి ఫోన్ చేసింది.

"మేడమ్, ఎడం పిక్క పట్టేసిందండీ. అడుగు వేస్తే లాగేస్తోంది. కాలేజీకి సెలవు పెట్టేశాను."

"నిన్న పరిగెత్తారా?"

"నిన్న పోటీ అండీ, పొద్దున్నించీ సాయంత్రం దాకా. శనివారం మాత్రం పరిగెత్తాను. కొత్తగా మెట్లు కూడా ఎక్కాను."

"ఇంకేం మరి! మెట్లు ఎక్కితే పిక్క పట్టదా? కంగారేం లేదు."

"మెట్టె కూడా బిగిసిపోయిందండీ ఆ కాలికి. అత్తయ్య సబ్బు రాసి తీశారు."

"ఒళ్ళు చేశారేమో చూసుకోండి" అని నవ్వాను. "మీ అత్తగారి చేత గోరువెచ్చటి నూనె రాయించి, కింద నుంచి పైకి గట్టిగా రుద్దించండి. రెండు రోజుల్లో తగ్గిపోతుంది."

ఫోన్ పెట్టేసి పనిలో పడ్డాను. ఇరవై రెండేళ్ళ అనుభవం నాది. పిక్క పట్టడానికి నాలుగు ప్రశ్నలు ఎందుకనుకున్నాను.

పదకొండవుతుండగా మడమ బెణికిన ఒకావిడకి క్రేప్ బ్యాండేజీ, అదే, సాగే గుడ్డపట్టీ, కడుతున్నాను. "కాలు వాచి మెట్టె బిగిస్తే ముందే తీసేయండి, లేకపోతే వేలికి రక్తం ఆడదు" అని నా నోటితో నేనే చెప్పాను. చెబుతూ చెబుతూ ఆగిపోయాను. పిక్క కండరం పడితే పిక్క నొప్పెడుతుంది. కాలి వేలెందుకు వాస్తుంది? అదీ ఒక్క కాలికే. అంతకుముందు రోజంతా కుర్చీలో కూర్చున్న మనిషికి.

డీవీటీ అంటారు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం. చూడ్డానికి అచ్చం పిక్క పట్టినట్టే ఉంటుంది. ఆ గడ్డ కదిలి పైకి పోతే ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది, మనిషి నిమిషాల్లో పోవచ్చు. ఆ కాలిని రుద్దకూడదని మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలుసు. నేను రుద్దమన్నాను. కింద నుంచి పైకి అన్నాను. గట్టిగా అన్నాను.

శిరీషకి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆట కోసం ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తీయడం మరిచిపోయే అలవాటు ఆవిడకి. నా ఫైల్లో భర్త నంబరు రాసుకునే గడి ఖాళీగా ఉంది. ఆవిడ గట్టి మనిషి కదా, ఆ నంబరుతో పనేముందని వదిలేశాను. బెణికినావిడని అలాగే కూర్చోబెట్టి స్కూటీ తీశాను.

గుణదల నుంచి మంగళగిరి ఎంత దూరమని! ఆ రోజు మాత్రం ఎంతకీ తరగలేదు. బెంజి సర్కిల్ దగ్గర ఆటోల మధ్య ఇరుక్కుని ఒకసారి, వారధి ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ నిద్రపోయి ఉంటే బాగుండు, అత్తగారు గుడికి వెళ్ళి ఉంటే బాగుండు, ఇంట్లో నూనె నిండుకుంటే బాగుండు అని దారి పొడుగునా మేరీమాతకి మొక్కుతూ వెళ్ళాను. కింద కృష్ణ నిండుగా పారుతోందో లేదో కూడా చూడలేదు.

వాళ్ళు అద్దెకుండేది కింది వాటాలో. తలుపు తీసే ఉంది. గుమ్మంలోనే కర్పూరం వేసి కాచిన నువ్వుల నూనె వాసన కొట్టింది.

శిరీష మంచం మీద పడుకుని ఉంది. అత్తగారు సుబ్బలక్ష్మి గారు కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నారు, మోచేతుల దాకా నూనె.

"అయ్యో, ఎండన పడి నువ్వే వచ్చావా తల్లీ! ఇప్పుడే అయింది. నువ్వు చెప్పినట్టే చేశాను" అన్నారు.

"ఎంతసేపు చేశారు పిన్నిగారూ?"

"అరగంట పైనే. నా శక్తికొద్దీ రుద్దాను."

టేపు తీసి రెండు పిక్కలూ కొలిచాను. ఎడమది మూడు సెంటీమీటర్లు ఎక్కువ. చర్మం నిగనిగలాడుతూ, వేడిగా ఉంది.

"ఆయాసంగా ఉందా అమ్మా?" అన్నాను. అప్పటిదాకా ఆవిణ్ని 'అమ్మా' అని ఎప్పుడూ పిలవలేదు.

"కొంచెం ఉందండీ, ఇందాకటి నుంచీ. ఉక్కపోత కదా." ఎప్పటిలాగే వాచీ నాకేసి తిప్పింది. పడుకుని ఉన్న మనిషికి నూట పద్దెనిమిది. "దీనికేమైందో మేడమ్, పిచ్చి లెక్కలు చూపిస్తోంది."

వాచీకేం కాలేదని నాకు తెలుసు. "కాలు కదపకండి, అడుగు కింద పెట్టకండి" అని 108కి ఫోన్ చేశాను. నా గొంతు విని శిరీష మొహం పాలిపోయింది. "మేడమ్, నేను చచ్చిపోతానా?" అంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను గాని మాట రాలేదు. ఆ గట్టి నోరు అప్పుడు పనికిరాలేదు.

అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టారు. అందులోని కుర్రాడు అడిగాడు: "మందులేమైనా వాడుతున్నారా?" శిరీష తల అడ్డంగా ఊపింది. అదే ప్రశ్న ఫిబ్రవరిలో నేనూ అడిగాను. విటమిన్ మాత్ర తప్ప ఏమీ లేవని అప్పుడు రాసుకున్నాను.

వారధి మీదికి వచ్చాక సుబ్బలక్ష్మి గారు నా చీర కొంగు పట్టుకుని లాగారు. నూనె చేతులు ఇంకా తుడుచుకోలేదు. నా చెవి దగ్గరికి వంగి, "అమ్మా, ముట్టు వెనక్కి జరగడానికి వేసుకునే మాత్రలు కూడా మందుల్లోకే వస్తాయా?" అన్నారు.

"ఎన్నాళ్ళుగా వేసుకుంటోంది?"

"గృహప్రవేశం పెట్టుకున్నాం కదమ్మా. ముహూర్తానికి అడ్డొస్తుందని పది రోజులకి తెప్పించాను. ఫ్లాటుకి కరెంటు రాలేదని ముహూర్తం జరిపారు. ఇంకో పది రోజులు వేసుకోమన్నాను. మందుల షాపులో అడిగితే ఇచ్చేశారు. పూజలకి అందరూ వేసుకునేవేగా!"

అవి హార్మోన్ మాత్రలు, రక్తం గడ్డకట్టే ముప్పుని పెంచుతాయి. మా ఇళ్ళల్లో ప్రార్థనకి ముట్టు అడ్డం కాదు. ఆ మాత్రల అవసరం మాకెప్పుడూ రాలేదు. అందుకే అడగాలని నాకెప్పుడూ తట్టలేదు. వాళ్ళ లెక్కలో అవి మందులు కావు, పసుపూ కుంకుమలతో పాటు పూజకి తెచ్చుకునే సరుకు. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళని "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగి, "లేదండీ" అంటే నమ్మానో లెక్కే లేదు.

ఆస్పత్రిలో మాత్రల సంగతి డాక్టర్‌కి చెప్పాను. ఆయన రాసుకుంటూ, "కాలికి మర్దన లాంటిదేమైనా చేశారా?" అన్నాడు. సుబ్బలక్ష్మి గారు తల దించుకున్నారు. ఆ పెద్దావిడ ఏదో చాదస్తం కొద్దీ చేసిందని అనుకోనిస్తే సరిపోయేది. ఎవరూ నన్ను అడగరు కూడా.

"చేశారండీ. చేయమన్నది నేనే. ఫోన్లో, కాలు చూడకుండా" అన్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. రాసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

డాప్లర్ చేశారు. అంటే సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కానింగు. ఎడమ కాల్లో మోకాలి పైదాకా గడ్డ ఉంది. ఛాతీ స్కానింగులో ఊపిరితిత్తుల్లోనూ చిన్న ముక్కలు కనిపించాయి. రక్తం పల్చబరిచే ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఐసీయూలో పెట్టారు. రెండు రోజులు గడవాలన్నారు. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిన భర్త గోడకి ఆనుకుని నిలబడిపోయాడు.

"నేను అనబట్టేగా మీరు రుద్దారు పిన్నిగారూ" అన్నాను బెంచీ మీద.

"నేను మాత్రలు మింగించబట్టేగా గడ్డ కట్టింది" అన్నారావిడ. ఇద్దరం చేతులు పట్టుకుని ఏడ్చాం. నా అరచేతులకి కూడా ఆ కర్పూరం వాసన అంటుకుంది. ఇంటికెళ్ళి ఎన్నిసార్లు కడుక్కున్నా పోయినట్టు అనిపించలేదు.

శిరీష బతికింది. మూడో రోజు ఆక్సిజన్ తీసేశారు. అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆ ఆదివారం ఫైనల్ అట. లాబీలో లేవకుండా జట్టుతో ఎత్తుగడలు మాట్లాడుకుంటూ కూర్చుందట, కుర్చీలోనే బాసింపట్టు వేసుకుని. మాటిమాటికీ బాత్రూంకి లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగలేదు. "ఆరు నెలలు చేశాను కదా, ఒక్క రోజుకేం అవుతుందనుకున్నాను మేడమ్" అంది. కూర్చోవడమా, నీళ్ళా, మాత్రలా, ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేమన్నాడు డాక్టర్. ఊపిరితిత్తుల్లోకి గడ్డలు మర్దనకి ముందే వెళ్ళాయా, తరవాతా అని కూడా అడిగాను. అదీ చెప్పలేమన్నాడు. ఆ జవాబు నాకు ఇప్పటికీ లేదు.

కార్తీకంలో గృహప్రవేశానికి పిలిచారు. వెళ్ళేసరికి శిరీష గదిలో మూల నిలబడి ఉంది. రక్తం పల్చబరిచే మందుల వల్ల నెలసరి లెక్క తప్పి, సరిగ్గా ఆ ఉదయమే వచ్చిందట. అత్తగారితో చెప్పడానికి భయపడుతోంది. ఇంతలో సుబ్బలక్ష్మి గారే లోపలికి వచ్చారు. కోడలి మొహం చూసి ఆవిడకి అర్థమైపోయింది. కోడలి చీర కుచ్చెళ్ళు సరిచేసి, "పద, పీటల మీద కూర్చుందువుగాని. దేవుడికి నేను చెప్పుకుంటాను" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

శిరీష ఇప్పటికీ ఆడుతుంది. ఆట తెలియకపోయినా అత్తగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. తెర మీద బొమ్మలు ఆగగానే, "లాబీ వచ్చింది, లే అమ్మాయ్" అంటారు. లేచేదాకా ఊరుకోరు.

నేను మాత్రం మునుపటి మనిషిని కాను. ఆడవాళ్ళు వస్తే వెంట వచ్చినవాళ్ళని కాసేపు బయట కూర్చోబెడతాను. మందుల గురించి అడిగాక, పూజ కోసం గాని పెళ్ళి కోసం గాని మాత్రలేమైనా వేసుకున్నారా అని విడిగా అడుగుతాను. చాలామంది, "అవీ చెప్పాలాండీ?" అంటారు. ఎవరైనా ఫోన్లో పిక్క పట్టేసిందంటే వైద్యం చెప్పను. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడమంటాను. వాళ్ళు చూసి "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అనేదాకా ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటాను.